పెద్ద వయసులో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

యాభై దాటిన వాళ్లు, వాళ్ల పిల్లలు లైసెన్సు గురించి పదే పదే అడిగే సందేహాలకు ఇక్కడ జవాబులు ఇచ్చాం. ఏ ప్రశ్న నుంచైనా చదవడం మొదలుపెట్టవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. గడువు ముగుస్తోందని ఇంటికి కబురు వస్తుందని ఎదురుచూడకండి. ఈరోజే కార్డు తీసి తేదీ చూసుకోండి.

## గడువు, వయసు లెక్కలు

నాకు 72 ఏళ్లు. ఈ వయసులో లైసెన్సు ఇస్తారా? ఇన్నేళ్లు దాటితే ఇవ్వరు అని ఏమైనా ఉందా?

లేదు. మోటారు వాహనాల చట్టంలో కనీస వయసు ఉంది, గరిష్ఠ వయసు లేదు. 72 అయినా 80 అయినా ఆరోగ్యం సరిపోతుందని డాక్టరు ధ్రువీకరిస్తే రెన్యువల్ అవుతుంది. చట్టం చూసేది మీ పుట్టిన సంవత్సరాన్ని కాదు, మీ చూపును, వినికిడిని, కాళ్లూచేతుల పట్టును.

ఒకసారి రెన్యువల్ చేయిస్తే ఎన్నేళ్లు వస్తుంది?

సొంత కారు, బైకు నడిపే లైసెన్సుకు 2019 సవరణ తర్వాత లెక్క ఇలా ఉంది. రెన్యువల్ నాటికి 30 నిండి 50 నిండకపోతే 10 ఏళ్లు. 50 నిండి 55 నిండకపోతే మీకు 60 ఏళ్లు వచ్చేవరకు. 55 నిండాక ఎప్పుడు చేయించినా 5 ఏళ్లు. అంటే 61లో చేయిస్తే 66 వరకు, మళ్లీ 71 వరకు.

లారీ, బస్సు, టాక్సీ లాంటి ట్రాన్స్‌పోర్టు లైసెన్సుకు ఏ వయసులోనైనా 5 ఏళ్లే.

నాకు 49 దాటింది. 50 నిండకముందే చేయించుకుంటే ఎక్కువ ఏళ్లు వస్తాయా?

చెప్పుకోదగ్గ లాభం లేదు. 49న్నరలో చేయిస్తే 10 ఏళ్లు, అంటే 59న్నర వరకు. 50 నిండాక చేయిస్తే 60 వరకు. గడువు దగ్గర పడినప్పుడు చేయించుకుంటే చాలు.

నా కార్డు గడువు సరిగ్గా నాకు 50 నిండే రోజుతో ముగిసింది. ఏమైనా పొరపాటా?

పొరపాటు కాదు. 2019కి ముందు ఇచ్చిన లైసెన్సులకు పాత లెక్క వర్తించేది: 20 ఏళ్లు, లేదా 50 ఏళ్లు వచ్చేవరకు, ఏది ముందైతే అది. అందుకే ముప్పై ఏళ్ల వయసులోనో, ఆ తర్వాతో లైసెన్సు తీసుకున్న చాలామందికి యాభయ్యో పుట్టినరోజుకే గడువు ముగుస్తుంది. ఏళ్ల తరబడి కార్డు వైపు చూడాల్సిన పని పడలేదు కాబట్టి ఈ తేదీ గుర్తుండదు. చెక్‌పోస్టు దగ్గరో, ప్రమాదం జరిగాకో బయటపడుతుంది.

కార్డు మీద రెండు తేదీలు ఉన్నాయి. ఏది చూడాలి?

'ఎన్‌టీ' పక్కనున్నది సొంత వాహనాల గడువు, 'టీఆర్' పక్కనున్నది ట్రాన్స్‌పోర్టు గడువు. ఒకటి ముగిసినా రెండోది బతికే ఉండవచ్చు. మీరు నడిపే బండికి సంబంధించిన తేదీని చూసుకోండి.

గడువుకు ఎంత ముందు అప్లై చేయవచ్చు?

ఏడాది ముందు నుంచి చేయవచ్చు. అయితే మరీ తొందరపడితే కొత్త గడువును రెన్యువల్ అయిన తేదీ నుంచి లెక్కగట్టి, పాత కార్డులో మిగిలిన నెలలు పోయే వీలుంది. మా సలహా: గడువుకు రెండు నెలల ముందు మొదలుపెట్టండి. పేరులోనో పుట్టిన తేదీలోనో తేడా బయటపడితే సరిచేసుకోవడానికి ఆ రెండు నెలలూ కావాలి.

అమెరికాలో అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వెళ్తున్నాం. ఈలోపు గడువు ముగుస్తుంది. ఎలా?

వెళ్లేముందే చేయించుకోండి. ఏడాది ముందు అప్లై చేసే వెసులుబాటు ఇలాంటి అవసరానికే పనికొస్తుంది. అక్కడికి వెళ్లాక మెడికల్ సర్టిఫికెట్, ఓటీపీ రెండూ ఇబ్బందే. ఆధార్‌కు లింకైన సిమ్ ఇక్కడే ఇంట్లో పెట్టి వెళ్లేవాళ్లకు ఇంకా ఇబ్బంది.

## డాక్టరు పరీక్ష, ఫారం 1ఏ

మెడికల్ సర్టిఫికెట్ అందరికీ కావాలా?

40 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. ట్రాన్స్‌పోర్టు లైసెన్సు అయితే వయసుతో పనిలేదు, అందరికీ కావాలి. దాన్నే ఫారం 1ఏ అంటారు. దానితోపాటు మీ ఆరోగ్యం గురించి మీరే రాసి సంతకం పెట్టే ఫారం 1 ఉంటుంది. మొదటిది డాక్టరు మాట, రెండోది మీ మాట.

ఫారం 1ఏలో డాక్టరు ఏం చూస్తారు?

ముఖ్యంగా చూపు. మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరంలో ఉన్న కారు నంబరు ప్లేటు చదవగలగాలి. అద్దాలు వాడేవారు అద్దాలతోనే చదవవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు గుర్తుపడుతున్నారా, రేచీకటి ఉందా, హారన్ వినపడుతుందా, చేతులూ కాళ్లలో లోపం ఉందా అన్నవి కూడా ఆ ఫారంలోనే ఉంటాయి. బ్లడ్ గ్రూపు రాస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంటి దగ్గరే చూసుకోండి. ఆపి ఉన్న కారు నుంచి పెద్ద అంగలు 32 వేస్తే దాదాపు 25 మీటర్లు వస్తుంది. అక్కడ నిలబడి, ముందు ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి ప్లేటు చదవండి. ఈ దూరం ఎందుకంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 25 మీటర్లను ఒకటిన్నర సెకనులో దాటేస్తుంది. అంత దూరంలో ఉన్నదే మసకగా కనపడితే, కళ్లంలో చోటు చాలక రోడ్డు మీద ఎండబోసిన వడ్లకుప్ప, దాని చుట్టూ పెట్టిన రాళ్లు బండి మీదికొచ్చాకే కనపడతాయి.

ఏ డాక్టరు సంతకమైనా చెల్లుతుందా?

ఈ పనికి ప్రభుత్వం గుర్తించిన, మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరు ఇవ్వాలి. ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు దగ్గర తీసుకుంటే పేచీ ఉండదు. సంతకంతోపాటు ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఉన్నాయా, మీ ఫోటో అంటించారా చూసుకోండి. అప్లికేషన్లు వెనక్కి రావడానికి పెద్ద కారణం జబ్బులు కాదు, రిజిస్ట్రేషన్ నంబరు లేని ముద్రలు, ఖాళీగా వదిలేసిన గడులు.

మిమ్మల్ని చూడకుండానే సంతకం పెట్టించి ఇస్తామనే వాళ్లు దొరుకుతారు. వద్దు. ఐదేళ్లకోసారి ఉచితంగా దొరికినట్టు వచ్చే కంటి పరీక్ష అది. దాన్ని డబ్బిచ్చి పోగొట్టుకోకండి.

శుక్లాల ఆపరేషన్ అయింది. వెంటనే సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

ఆగండి. ఆపరేషన్ అయ్యాక కంటి పవర్ స్థిరపడి కొత్త అద్దాలు రాయడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ అద్దాలు పెట్టుకుని ఫారం 1ఏ రాయించుకోండి. ఈలోపు గడువు ముగిసినా కంగారు లేదు, ఏడాది లోపు టెస్టు లేకుండానే రెన్యువల్ అవుతుంది. ముగిసిన మర్నాటి నుంచి కొత్తది వచ్చేవరకు మాత్రం బండి తీయకూడదు.

ఆపరేషన్ చేయించుకోని వాళ్లకు ఇంకో మాట. శుక్లం ఉన్న కంట్లో ఎదుటి లైటు వెలుగు చెదిరిపోతుంది. పగలు ప్లేటు చదివినవాళ్లే రాత్రి హైవే మీద ఎదురు లారీ లైట్లకు రెండు మూడు సెకన్లు ఏమీ కనపడక తడబడతారు. సర్టిఫికెట్ చేతికొచ్చినా, ఆపరేషన్ అయ్యేదాకా కావలి నుంచి నెల్లూరుకైనా పగలే వెళ్లి రండి.

షుగర్, బీపీ ఉన్నాయి. రాస్తే లైసెన్సు ఆపేస్తారేమో?

షుగర్, బీపీ ఉన్నంత మాత్రాన ఆపరు. ఫారం 1 సూటిగా అడిగేది మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గురించి. షుగర్ వల్ల అలా జరుగుతుంటే అది దాచాల్సిన విషయం కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, ఆ తర్వాత మాట తడబాటు. అది స్టీరింగ్ ముందు వస్తే పక్కవాళ్ల ప్రాణం కూడా పోతుంది. బయలుదేరే ముందు తినండి, బండిలో గ్లూకోజు పొడి ఉంచుకోండి, తేడా అనిపించగానే పక్కకు ఆపండి.

జలుబు మాత్రలు, నిద్రమాత్రలు వేసుకున్న రోజు నడపవద్దు. బీపీ మందు మార్చిన మొదటి వారంలో లేచి నిలబడగానే తల తిరుగుతుంటే డాక్టరుకు చెప్పి, తగ్గాకే బండి తీయండి.

చెవి మిషన్ పెట్టుకుంటాను. పనికొస్తానా?

వస్తారు. మిషన్ పెట్టుకుని మామూలు హారన్ శబ్దం వినపడితే చాలు. పరీక్షకు వెళ్లేటప్పుడు కొత్త సెల్ వేసుకుని వెళ్లండి.

నాకు రంగులు కొంచెం తేడాగా కనపడతాయి. ఇంతకుముందు కుదరదన్నారు.

2020 జూన్‌లో నిబంధన మారింది. స్వల్పంగా, మధ్యస్థంగా వర్ణాంధత్వం ఉన్నవారికి లైసెన్సు ఇవ్వవచ్చు. తీవ్రంగా ఉంటేనే అడ్డు. ఏ స్థాయిలో ఉందో కంటి డాక్టరు రాసివ్వాలి.

## అప్లై చేసేటప్పుడు

అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?

కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో సారథి విభాగం. రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, డ్రైవింగ్ లైసెన్సు సేవల్లోకి వెళ్లి, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇస్తే మీ వివరాలు తెర మీదికి వస్తాయి. వాటిని నిదానంగా చదవండి. పేరు, ఇంటిపేరు, బండి తరగతులు పాత కార్డుతో సరిపోయాయా చూశాకే ముందుకు వెళ్లాలి. తర్వాత సేవల జాబితాలో రెన్యువల్‌కు టిక్కు పెట్టి, ఫారం 1 నింపి, ఫారం 1ఏ, చిరునామా పత్రం అప్‌లోడ్ చేసి, రుసుము కట్టాలి. అప్లికేషన్ నంబరు వస్తుంది. దాన్ని కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

ఫోనులో తీసిన ఫోటోలు పెద్ద సైజులో ఉంటాయి కాబట్టి సైటు తీసుకోదు. ఫోటో, సంతకం సైటు అడిగిన సైజుకు తగ్గించి పెట్టండి. ఇక్కడే చాలామంది విసిగిపోయి బ్రోకరు దగ్గరికి పోతారు. నెట్ సెంటర్‌లో ఐదు నిమిషాల పని అది.

ఆఫీసుకు పోకుండా ఇంట్లోనే పూర్తవుతుందా?

టెస్టు అవసరం లేని రెన్యువల్‌ను ఆధార్ ధ్రువీకరణతో ఆన్‌లైన్‌లో పూర్తి చేసే వీలును 2021 మార్చిలో కేంద్రం ఇచ్చింది. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ లైసెన్సులోనూ ఒకేలా ఉండాలి, ఓటీపీ వచ్చే ఫోను చేతిలో ఉండాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా స్లాట్ తీసుకుని ఆఫీసుకు వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాత లైసెన్సు, ఆధార్, ఫారం 1ఏ అసలు కాగితం, రుసుము రసీదు పట్టుకెళ్లండి.

ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. లైసెన్సులో వేరే ఉంది. ఏది మార్చుకోవాలి?

పెద్దవాళ్లలో ఎక్కువగా కనపడే చిక్కు ఇదే. ఆధార్ ఎక్కించేటప్పుడు పుట్టిన రోజు తెలియదంటే వయసును బట్టి సంవత్సరం వేసి, జనవరి 1 పెట్టేశారు. మీ దగ్గర టెన్త్ సర్టిఫికెట్టో, పాస్‌పోర్టో, పెన్షన్ కాగితాలో ఉంటే, వాటిలో ఉన్న తేదీ దేనితో కలుస్తుందో చూసి, కలవని రెండోదాన్ని మార్చుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఇష్టమొచ్చినన్ని సార్లు మార్చరు. అందుకే కాగితం చేతిలో లేకుండా ఆధార్ సెంటర్‌కు పోవద్దు.

గడువు దగ్గరపడి ఉంటే ఈ మార్పుల కోసం ఆగకండి. ఆధార్ లేకుండా ముందుకు వెళ్లే దారి సారథిలో ఉంది. అందులో అప్లై చేసి, ఆఫీసులో మనిషి కనపడి పని ముగించుకోండి.

వేలిముద్రలు పడటం లేదు. పొలం పనితో అరిగిపోయాయి.

సారథిలో ఆధార్ ధ్రువీకరణకు ఓటీపీ చాలు, వేలిముద్ర అక్కర్లేదు. ఆధార్‌కు ఫోను నంబరు లింకు అయి ఉండాలి, అంతే. పాత నంబరు ఉంటే ముందు ఆధార్ సెంటర్‌లో కొత్తది ఎక్కించండి.

మా నాయనది 1980ల నాటి పుస్తకం లైసెన్సు. నంబరు కొడితే వివరాలు లేవంటోంది.

కంప్యూటర్లు రాకముందు ఇచ్చిన లైసెన్సులు కొన్ని ఆఫీసు రిజిస్టర్లలోనే ఉండిపోయాయి, సారథిలోకి ఎక్కలేదు. లైసెన్సు ఇచ్చిన ఆఫీసుకే అసలు పుస్తకం తీసుకెళ్లి, పాత వివరాలు కంప్యూటర్లో ఎక్కించమని అర్జీ పెట్టాలి. ప్రతి పేజీ జిరాక్సు తీయండి, పాత రెన్యువల్ ముద్రలు ఉన్న పేజీలు మరీ ముఖ్యం. అసలు పుస్తకాన్ని రసీదు లేకుండా ఎవరి చేతిలోనూ పెట్టవద్దు. ఆ ఒక్క ఆధారం పోతే లైసెన్సు ఉండేదని నిరూపించడం చాలా కష్టం.

లైసెన్సు ఒంగోలులో తీసుకున్నాం. మా ఊరు తర్వాత వేరే జిల్లాలోకి వెళ్లింది. ఎక్కడికి పోవాలి?

2022 ఏప్రిల్‌లో జిల్లాల హద్దులు మారినప్పటి నుంచి ఈ సందేహం వస్తూనే ఉంది. మొదట లైసెన్సు ఇచ్చిన ఆఫీసులోనే రెన్యువల్ చేయాలన్న నియమం లేదు. ఇప్పుడున్న చిరునామాకు వర్తించే ఆఫీసును సారథిలో ఎంచుకోండి. లైసెన్సు నంబరు మారదు.

చెన్నైలో కూతురు దగ్గర ఉంటున్నాను. నెల్లూరు లైసెన్సును అక్కడ చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. అక్కడి చిరునామా రుజువు కావాలి, రెన్యువల్‌తోపాటు చిరునామా మార్పుకు కూడా టిక్కు పెట్టాలి. మళ్లీ ఊరికి వచ్చేసే ఆలోచన ఉంటే చిరునామా కదిలించకండి. ఊరికి వచ్చిన వారంలో ఇక్కడే ముగించుకోండి.

ఖర్చు ఎంత?

కేంద్ర నిబంధనల్లో రెన్యువల్ రుసుము 200 రూపాయలు. దానికి కార్డు, సర్వీసు చార్జీలు కలుస్తాయి. మొత్తం ఎంతో డబ్బు కట్టేముందే తెర మీద కనపడుతుంది. ఎవరైనా వేలల్లో అడిగితే ఆ తెర చూపించమనండి.

## గడువు దాటిపోతే

ముగిసి ఐదు నెలలైంది. 30 రోజుల వరకు నడపవచ్చని విన్నాం.

అది పాత మాట. గడువు ముగిశాక 30 రోజులు చెల్లుబాటు అయ్యే వీలును 2019 సవరణలో తీసేశారు. ముగిసిన మర్నాటి నుంచి మీకు లైసెన్సు లేనట్టే. మిగిలింది ఒక్కటే: ఏడాది లోపు అయితే టెస్టు లేకుండా రెన్యువల్ చేస్తారు. కొత్త గడువు రెన్యువల్ అయిన రోజు నుంచి మొదలవుతుంది, కాబట్టి మధ్యలో పోయిన నెలలు పోయినట్టే. ఆ నెలల్లో బండి నడిపి ఉంటే, తర్వాత వచ్చే కార్డు దాన్ని కప్పిపుచ్చదు.

ఏడాది దాటింది. ఇప్పుడేం చేయాలి?

డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి. టెస్టుకు రావాలంటే 30 రోజుల ముందే లెర్నర్ లైసెన్సు ఉండాలన్నది నిబంధన. కాబట్టి ఎల్ఎల్ఆర్ తీసుకోమంటే అది వేధింపు కాదు. పైగా ముగిసిన లైసెన్సుతో ప్రాక్టీసు చేయడం కూడా తప్పే, ఎల్ఎల్ఆర్ ఉంటేనే ఆ హక్కు వస్తుంది. ఆలస్యమైన ప్రతి ఏడాదికి, అందులో కొంత భాగానికైనా, 1,000 రూపాయల అదనపు రుసుము కూడా నిబంధనల్లో ఉంది.

నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా టెస్టులో తప్పుతారు. కారణం నడపడం రాక కాదు, అలవాటు వల్ల. బైకు మీద ఎనిమిది ఆకారం తిప్పేటప్పుడు కాలు కింద పెడతారు. కారును హెచ్ ట్రాక్‌లో వెనక్కి తీసేటప్పుడు అద్దాలు చూడకుండా తల బయటపెట్టి చూస్తారు. మెడ తిరగని వయసులో అద్దాలే దిక్కు. సీటు బెల్టు మర్చిపోతారు, ఇండికేటరు వేయరు. ఖాళీ స్థలంలో నాలుగు రోజులు ఉదయం పూట ప్రాక్టీసు చేసి వెళ్లండి. మీరు తెచ్చే బండికి ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు అవే అడుగుతారు.

ముగిసిన లైసెన్సుతో పట్టుబడితే?

సెక్షన్ 181 కింద 5,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. బండి మీ కొడుకు పేరున ఉంటే, తెలిసీ ఇచ్చినందుకు సెక్షన్ 180 కింద అతనికీ 5,000 పడుతుంది.

జరిమానా కంటే భయపడాల్సింది ప్రమాదానికి. గడువు ముగిసిన లైసెన్సుతో ప్రమాదం జరిగితే మీ బండి రిపేరు క్లెయిము నిలవదు. ఎదుటివారికి ట్రిబ్యునల్ పరిహారం వేస్తే, ముందు ఇన్సూరెన్సు కంపెనీ కట్టి, తర్వాత ఆ మొత్తం మీ దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు తీర్పులిస్తున్నాయి. పొలం అమ్ముకున్నా తీరని మొత్తాలవి. ఒక సంతకం, ఒక కంటి పరీక్ష ఆలస్యమైనందుకు ఇంత నష్టం ఎవరికీ రాకూడదు.

## ట్రాన్స్‌పోర్టు డ్రైవర్లకు

కృష్ణపట్నం వైపు గ్యాస్ ట్యాంకరు నడుపుతాను. నాకూ ఐదేళ్లేనా?

కాదు. ప్రమాదకర సరుకుల బండ్లకు 3 ఏళ్లు. రెన్యువల్‌కు ఒక రోజు రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేసి ఉండాలి. శిక్షణకు తేదీ దొరకడం ఆలస్యం కావచ్చు, ముందే పేరు ఇచ్చి పెట్టుకోండి.

లారీ మానేశాను. ఇక కారు, బైకు చాలు. మొత్తం రెన్యువల్ చేయాలా?

అక్కర్లేదు. సారథిలో బండి తరగతిని వదులుకునే సేవ ఉంది. ట్రాన్స్‌పోర్టు తరగతి వదులుకుని, కారు, బైకు ఉంచుకోవచ్చు. ఒకసారి వదులుకుంటే మళ్లీ కావాలన్నప్పుడు మొదటి నుంచి రావాలి కాబట్టి ఇంట్లో మాట్లాడుకుని చేయండి.

కారు లైసెన్సు మాత్రమే ఉంది. చిన్న ట్రాలీ ఆటో, టాక్సీ నడపవచ్చా?

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని తేల్చింది. ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం, అంటే కారు తరగతి) లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే ఆ తరగతి రవాణా వాహనాన్ని విడిగా ట్రాన్స్‌పోర్టు అనుమతి లేకుండా నడపవచ్చు.

## కార్డు వచ్చేలోపు, వచ్చాక

ఆమోదం అయిందంటున్నారు, కార్డు రాలేదు. నడపవచ్చా?

డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో కనపడే లైసెన్సు కార్డుతో సమానంగా చెల్లుతుంది. అందులో కొత్త గడువు తేదీ పడిందో లేదో చూడండి. పడితే నడపవచ్చు, పడకపోతే ఆగాలి. ఫోటో తీసి పెట్టుకున్న కార్డు మాత్రం డిజిలాకర్‌తో సమానం కాదు.

వాట్సాప్‌లో పరివాహన్ పేరుతో ఒక ఫైలు వచ్చింది. అది ఇన్‌స్టాల్ చేస్తే రెన్యువల్ అవుతుందా?

ముట్టుకోకండి. చలానా అనో, లైసెన్సు గడువు అనో పేరు పెట్టి పంపే ఏపీకే ఫైళ్లు ఫోనులోకి దూరి, ఓటీపీలు చదివి బ్యాంకు డబ్బు లాగేస్తాయి. ప్రభుత్వ సైటు చిరునామా 'జీఓవీ డాట్ ఇన్'తో ముగుస్తుంది. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఫోను నెట్ ఆపి, బ్యాంకుకు, 1930కి వెంటనే ఫోను చేయండి.

మా నాయనకు 78. రెన్యువల్ అయింది కానీ నడపడం చూస్తే మాకు భయంగా ఉంది. ఎలా చెప్పాలి?

నడపవద్దు అని ఒక్కసారిగా తాళాలు లాక్కోవద్దు. అరగంట పక్కన కూర్చుని చూడండి. ఎడమ పక్కనుంచి వచ్చే బైకును ఆలస్యంగా గమనిస్తున్నారా, తెలిసిన దారిలోనే మలుపు మర్చిపోతున్నారా, బండి పక్కలకు కొత్త గీతలు పడుతున్నాయా. పక్కచూపు తగ్గడం నీటికాసుల గుర్తు కావచ్చు, అది నంబరు ప్లేటు పరీక్షలో బయటపడదు. కంటి డాక్టరు దగ్గర ఫీల్డు టెస్టు చేయించండి. దారులు మర్చిపోతుంటే నరాల డాక్టరుకు చూపించండి.

ముందు రాత్రి ప్రయాణాలు, హైవే మానేసి, ఊళ్లో తెలిసిన దారులకు పరిమితం కావడం చాలామంది పెద్దలు ఒప్పుకుంటారు. మాట కొడుకు నోటి నుంచి కాక డాక్టరు నోటి నుంచి వస్తే ఇంకా తేలికగా వింటారు. పూర్తిగా మానేసే రోజు వస్తే, సంఘానికో, బ్యాంకుకో, గుడికో తీసుకెళ్లే మనిషిని ముందు ఏర్పాటు చేసి, ఆ తర్వాతే తాళాల మాట ఎత్తండి.